ఆఖరున ముట్టాల్సిన సొమ్ము

*విడాకులైన ఆడమనిషి ఇల్లు గడవక మొదట చెయ్యి పెట్టేది తన పీఎఫ్ మీదే. రావాల్సిన మనోవర్తి, బంగారం, పింఛను అడగడం ఆ తర్వాతెప్పుడో. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో ఈ వరుస తిరగబడాలి.*

"ఓటీపీ వచ్చిందా అక్కా?"

"రాలే తమ్మీ."

"మల్లొకసారి కొడుతున్న. చూడు."

జడ్చర్లలో ఒక ఆన్‌లైన్ సెంటర్. ఎదురుగా కంప్యూటర్ ముందు పాతికేళ్ల పిల్లగాడు. బల్ల ఇవతల స్టూలు మీద ఆమె. చేతిలో ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన కోర్టు కాయితం. వెనకాల ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. రెండోసారి కూడా ఫోను మోగలేదు.

"ఏ నంబరుకు పోతున్నదో చూడరాదు."

"చివరి అంకెలే కనబడుతున్నయక్కా. ఆరు, ఒకటి."

ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "గది ఆయన నంబరు."

పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఎనిమిదేళ్లు నిలబడి చేసిన పని అది. నెలనెలా జీతంలో కోసుకున్న సొమ్ము అది. కొత్తలో ఆధార్ తీసినప్పుడు, ఉద్యోగంలో చేరినప్పుడు ఇంట్లో ఉన్న ఫోను ఒక్కటే. అది ఆయన జేబులో ఉండేది. పెళ్లి రద్దయింది కానీ ఆ నంబరు మారలేదు. ఇప్పుడు ఆమె సొమ్ము ఆమె చేతికి రావాలంటే, ఏ మనిషితో మాట తెగిందో ఆ మనిషికే ఫోన్ చేసి నాలుగంకెలో ఆరంకెలో అడగాలి.

ఈమె ఫలానా అని చెప్పగలిగే ఒక్క మనిషి కాదు. చౌటుప్పల్ కంపెనీల్లో, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు పనుల్లో, జిల్లా కేంద్రాల బట్టల షోరూముల్లో పనిచేసే ఎంతోమంది కష్టాన్ని ఒక్కచోట చేర్చి గీసిన రూపం. పేరు వేరైనా ప్రశ్న ఒకటే: పిల్లల ఫీజు, ఇంటి కిరాయి, వకీలు ఫీజు ఒకేసారి మీదపడ్డప్పుడు, ముసలితనానికి దాచుకున్న పైసలు తీయాలా, వద్దా?

"నీ పీఎఫ్ ఉండె గదా!"

పీఎఫ్ గురించి ఈ మధ్య ఊరూరా మాట్లాడుకుంటున్నారు. 2025 అక్టోబరు 13న ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ (ఈపీఎఫ్‌వో) కేంద్ర ధర్మకర్తల మండలి పెద్ద మార్పులకు ఒప్పుకుంది. ముందస్తుగా సొమ్ము తీసుకోవడానికి ఉన్న పదమూడు రకాల నిబంధనలను మూడు కోవలకు కుదించాలని, ఖాతాలో 25 శాతం కనీస నిల్వ ఉంచి మిగతాది తీసుకోనివ్వాలని, 'ప్రత్యేక పరిస్థితులు' అనే కోవ కింద కారణం కూడా చెప్పనక్కర్లేదని నిర్ణయించింది. ఉద్యోగం మానేశాక మొత్తం ఖాతా ఖాళీ చేసుకునే గడువును మాత్రం రెండు నెలల నుంచి పన్నెండు నెలలకు, పింఛను వాటా వెనక్కి తీసుకునే గడువును ముప్పయ్యారు నెలలకు పెంచింది. మా సొమ్ముకు మీ తాళమేమిటని చాలామంది కోపగించుకున్నారు. కార్మికుడి వైపు నుంచి చూస్తే ఆ కోపం న్యాయమే.

విడాకులైన మహిళ వైపు నుంచి చూస్తే ఆ తాళం ఆమెకు అండగా ఉంది. భయమంతా తెరిచి ఉంచిన వాటాతోనే. కారణం చెప్పకుండా ముప్పావు వంతు తీసుకోవచ్చంటే, ఆమె చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలిసినట్టే. "నీ పీఎఫ్ ఉండె గదా" అంటాడు తమ్ముడు. అప్పిచ్చినాయన అదే మాట అంటాడు. "ఆమెకేం, కంపెనీల పైసలున్నయి" అని మాజీ భర్త తరఫు పెద్దమనిషి పంచాయితీలో అంటాడు. ఆ మాటతోనే ఆమెకు రావాల్సిన మనోవర్తి తగ్గిపోతుంది.

లెక్క చూద్దాం. పదిహేను వేల జీతం మీద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800 రూపాయలు. యజమాని కూడా అంతే కడతాడు. కాకపోతే అందులో 1,250 పింఛను పథకానికి పోతుంది, మిగిలిన 550 పీఎఫ్‌లో చేరుతుంది. నెలకు 2,350 చొప్పున ఎనిమిదేళ్లు జమయితే, వడ్డీతో కలిపి మూడు లక్షలు దాటుతుంది. 2024-25కు ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. ముప్పయ్యెనిమిదేళ్ల మనిషి ఆ మూడు లక్షలను ముట్టకుండా వదిలేసి, వడ్డీ ఇదే తీరుగా ఉంటే, యాభై ఎనిమిదేళ్లకు అది పద్నాలుగున్నర లక్షలకు పైనే. ఇవాళ అందులో రెండు లక్షల పాతిక వేలు తీస్తే, పోగొట్టుకునేది అప్పటి పదకొండు లక్షలు. ఉద్యోగం మానేసినా యాభై ఎనిమిదేళ్ల దాకా వడ్డీ జమవుతూనే ఉంటుంది. చాలామందికి ఈ సంగతి తెలియక, "కంపెనీ ఇడిసిపెట్టినం, ఇగ అండ్ల పైసలు మురుగుడెందుకు" అని తీసేస్తున్నారు.

ఇంకో మాట. పీఎఫ్ పాత నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉండేది. పెళ్లి చేసుకోవడానికి ఉద్యోగం మానేసే మహిళ రెండు నెలలు ఆగనక్కర్లేదు, వెంటనే మొత్తం తీసుకోవచ్చు. ఆడపిల్ల కూడబెట్టిన మొదటి సొమ్ము అలా పెళ్లి ఖర్చులోకే పోయేది. అదే పెళ్లి చెడి, రెండోసారి సున్నా నుంచి మొదలుపెట్టిన మనిషికి ఏ నిబంధనలోనూ ప్రత్యేకంగా చోటు లేదు.

పింఛను సర్వీసు తెగనివ్వొద్దు

పీఎఫ్ కన్నా ఎక్కువ నష్టం జరిగేది పింఛను దగ్గర. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో కనీసం పదేళ్ల సర్వీసుంటేనే యాభై ఎనిమిదేళ్లకు నెలనెలా పింఛను వస్తుంది. పింఛనుకు లెక్కించే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి డెబ్బైతో భాగిస్తారు. పదిహేను వేల జీతం, పదేళ్ల సర్వీసుకు నెలకు 2,143 రూపాయలు. ఎక్కువేమీ కాదు. 2014 నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయల దగ్గరే ఉంది, అది సిగ్గుపడాల్సిన సంగతే. అయినా ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతికినన్నాళ్లూ వచ్చే పైసలవి.

విడాకులప్పుడు ఏమవుతుంది? ఆరేళ్లో ఏడేళ్లో సర్వీసు చేసిన మహిళ ఊరు మారుతుంది, కంపెనీ మానేస్తుంది. పీఎఫ్ ఫారంతో పాటు పింఛను సొమ్ము ఫారం కూడా నింపేస్తారు. నాలుగు పైసలు ఎక్కువొస్తాయని ఆన్‌లైన్ సెంటర్‌లో పిల్లగాడూ అదే చెబుతాడు. ఆ సొమ్ము తీసుకున్న రోజే ఆ ఆరేడేళ్ల సర్వీసు చెరిగిపోతుంది. మళ్లీ ఎక్కడో చేరితే లెక్క ఒకటి నుంచి మొదలు. అదే ఫారం 10సీలో సొమ్ముకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే పాత సర్వీసు అలాగే నిలిచి ఉంటుంది, కొత్త ఉద్యోగంలో కలుస్తుంది. ఈ ఒక్క సంగతి కంపెనీ గేటు దగ్గర యూనియన్లు పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి.

> ■ ఆ నంబరు, ఆ పేరు: ముందు ఇవి మార్చండి
>
> ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు, యూఏఎన్‌కు (మీ పీఎఫ్ నంబరుకు) మీ సొంత ఫోన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించాకే పీఎఫ్ పనికి వెళ్లండి.
>
> పెళ్లి కాకముందు చేసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. విడాకులతో మాత్రం దానంతటదే మారదు. కాబట్టి కొత్తగా ఈ-నామినేషన్ వేయాలి.
>
> మహిళా సభ్యురాలు భర్తను తన 'కుటుంబం' నుంచి తప్పించాలనుకుంటే పీఎఫ్ కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలియజేయవచ్చని 1952 నాటి పథకంలోనే ఉంది. కేసు నడుస్తున్నప్పుడు కూడా ఈ హక్కు వాడుకోవచ్చు.
>
> ఎల్ఐసీ పాలసీ, బ్యాంకు డిపాజిట్, అటల్ పెన్షన్, రైతుబీమా: ప్రతి చోటా నామినీ పేరు వేర్వేరుగా మార్పించాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.
>
> ప్రతి నెలా 27న 'నిధి ఆప్కే నికట్' పేరుతో జిల్లాల్లో ఈపీఎఫ్‌వో శిబిరాలు పెడుతుంది. కాయితాలతో నేరుగా అక్కడికే వెళ్లి అడగవచ్చు.

ఆయన పీఎఫ్‌లో ఆమెకు వాటా ఉందా?

కోర్టు వరండాలో తరచూ వినపడే ప్రశ్న ఇది. "పదిహేనేండ్లు వండిపెట్టిన, పిల్లల్ని సాకిన. ఆయన రిటైరైతే వచ్చేదాంట్ల నాకు సగం రాదా?"

రాదు. మన దేశంలో పెళ్లి తర్వాత కూడబెట్టిన ఆస్తిని ఇద్దరిదిగా లెక్కించే చట్టం లేదు. పైగా 1952 నాటి భవిష్యనిధి చట్టం పదో సెక్షన్ ప్రకారం పీఎఫ్ ఖాతాలో ఉన్న సొమ్మును ఏ కోర్టు డిక్రీ కిందా జప్తు చేయడానికి వీల్లేదు. అమెరికాలో 1984 నుంచి కోర్టు ఆర్డరుతో రిటైర్మెంట్ ఖాతాను భార్యాభర్తల మధ్య పంచవచ్చు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో విడిపోయిన తెలుగు జంటకు ఆ దారి ఉంది. కెనడా 1978 నుంచి, బ్రిటన్ 2000 నుంచి పింఛను పంపకాన్ని అమల్లో పెట్టాయి. మనదగ్గర భర్త స్థిరాస్తిలో భార్యకు వాటా ఇచ్చే వివాహ చట్టాల సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది. 2014లో లోక్‌సభ గడువు ముగియడంతో మురిగిపోయింది. పదేళ్లు దాటినా అది చట్టం కాలేదు.

వాటా లేదంటే ఏమీ రాదని మాత్రం అనుకోవద్దు. 2020 నవంబరు 4న 'రజనీష్ - నేహా' కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలను అఫిడవిట్‌గా దాఖలు చేయాలి. పీఎఫ్, పీపీఎఫ్, బీమా, షేర్లు అన్నీ అందులో రాయాలి. ఖాతాను పంచలేకపోయినా, ఎంతుందో తెలిసినప్పుడు శాశ్వత భరణం ఎంతన్నది దాన్ని బట్టి తేలుతుంది. మనోవర్తిని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని కూడా ఆ తీర్పు చెప్పింది. వేసిన కేసుకు ఏళ్లు పట్టినా, ఆ ఏళ్ల సొమ్ము పోదు. కాబట్టి ఎంత తొందరగా దరఖాస్తు పడితే అంత మేలు.

వసూలుకూ దారులున్నాయి. మామూలు అప్పుల కేసుల్లో జీతాన్ని కొంతవరకే జప్తు చేయగలరు. మనోవర్తి డిక్రీ అయితే మూడో వంతు మాత్రమే జీతగాడికి వదిలి, మిగతా రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద భరణం మంజూరు చేసేటప్పుడు భర్త స్థిరాస్తిపై దాన్ని భారంగా పెట్టమని కోర్టును అడగవచ్చు. నల్లగొండలో ప్లాటు, దేవరకొండ వైపు నాలుగెకరాల చెలక ఉన్న మనిషి "నా దగ్గర నగదు లేదు" అంటే, అడగాల్సింది ఇదే.

పదో సెక్షన్‌కు ఇంకో వైపుంది. ఆయన పీఎఫ్‌ను ఆమెకు అందకుండా చేసిన ఆ చట్టమే, ఆమె పీఎఫ్‌ను అప్పులవాళ్లకు అందకుండా చేస్తుంది. ఖాతాలో ఉన్నంతసేపు ఏ ఫైనాన్సు కంపెనీ, ఏ చిట్టీ వ్యాపారి, భర్త చేసిన అప్పుకు ఆమెతో సంతకం పెట్టించుకున్న ఏ షావుకారూ దాన్ని తాకలేడు. తీసి బ్యాంకు ఖాతాలో వేసుకున్నాక ఆ ధీమా ఉండదు. తీయొద్దని నేను గట్టిగా చెప్పడానికి వడ్డీ కన్నా ఇదే పెద్ద కారణం.

బాండు పేపరు మీద ఆఖరి వాక్యం

ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో కోర్టు గడప తొక్కకుండా తెగే పెళ్లిళ్లు చాలానే ఉంటాయి. పెద్దమనుషులు కూర్చుంటారు, ఇడుపు కాయితం రాస్తారు. కుల ఆచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడింది కూడా. అయితే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాల్సిన రోజు వస్తే, వంద రూపాయల బాండు పేపరు ఒక్కటే సరిపోదు. పింఛను ఆఫీసులో, పీఎఫ్ ఆఫీసులో, బీమా కంపెనీలో అందరూ అడిగేది కోర్టు డిక్రీ.

ఆ కాయితాల్లో ఆఖరున ఒక వాక్యం రాస్తారు: "ఇకముందు ఒకరినొకరు ఎలాంటి భరణం, ఆస్తి అడగబోము." వినడానికి ఇద్దరికీ సమానంగా ఉన్నట్టుంటుంది. ఆస్తి ఒకరి పేరున, పిల్లలు ఇంకొకరి ఒళ్లో ఉన్నప్పుడు ఇందులో సమానమేదీ లేదు. రెండు లక్షలో మూడు లక్షలో ఒకేసారి చేతిలో పెట్టి ఆ వాక్యం మీద వేలిముద్ర తీసుకుంటారు. ఆ పైసల్లోంచే పంచాయితీ ఖర్చులు పోతాయి. సంసారంలో చేసిన అప్పులూ పోతాయి. మిగిలింది ఏడాది కూడా రాదు. కోర్టులో పరస్పర అంగీకారంతో వేసే విడాకుల అర్జీలోనూ ఇదే వాక్యం దూరుతుంది. సంతకానికి ముందు ఆ ఒక్క వాక్యాన్ని వకీలుతో రెండుసార్లు చదివించుకోండి. దాన్ని ఒప్పుకునేటట్టయితే, దానికి తగ్గ ధర ముందే అడగాలి.

భర్తతో తెగినాక కూడా, మళ్లీ పెళ్లి చేసుకోని, తనను తాను పోషించుకోలేని మహిళ మనోవర్తి అడగవచ్చు. పాత 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. ఆ నెలలోనే, జులై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన సంగతి తేల్చింది. విడాకులైన ముస్లిం మహిళలకూ ఆ సెక్షన్ వర్తిస్తుందని జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ స్పష్టం చేశారు. ఫ్యామిలీ కోర్టు నెలకు ఇరవై వేలు ఇమ్మంది, హైకోర్టు పది వేలకు తగ్గించింది, అదీ ఇవ్వనని భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. సొంత ఆదాయం లేని భార్యకు ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు అందుబాటులో ఉంచాల్సిన అవసరం గురించి జస్టిస్ నాగరత్న ఆ తీర్పులో ప్రత్యేకంగా రాశారు. పాత మహబూబ్‌నగర్, గద్వాల, నారాయణపేట బస్తీల్లో బుర్ఖా వెనక దాగిన ఎన్నో కష్టాలకు ఈ తీర్పు దారి చూపాలి.

ఒక గడువు గుర్తుంచుకోవాలి. మంజూరైన మనోవర్తి కట్టకపోతే, బాకీ పడిన ఏడాదిలోగా వసూలుకు దరఖాస్తు పెట్టుకోవాలి. "పండుగ తర్వాత ఇస్తా", "పత్తి అమ్మినంక ఇస్తా" అన్న మాటలు నమ్మి ఆగితే ఆ నెలల సొమ్ము చేజారుతుంది.

అత్తగారి ఊళ్లో ఉండిపోయేవి

విడాకుల తర్వాత ఆడమనిషి పుట్టింటి ఊరికి వస్తుంది. వచ్చేటప్పుడు బట్టలు, పిల్లలు, వీలైతే బీరువా తెచ్చుకుంటుంది. తెచ్చుకోలేనివి కొన్ని ఉంటాయి. వాటి గురించి మనం మాట్లాడుకోవడమే లేదు.

మొదటిది మహిళా సంఘం. పదేళ్లుగా నెలనెలా పొదుపు కట్టి, బ్యాంకు లింకేజీ లోన్లు తెచ్చుకుని, స్త్రీనిధిలో పేరు సంపాదించుకున్న సంఘం అత్తగారి ఊళ్లో ఉంటుంది. ఆమె పేరున తీసిన లోను చాలాసార్లు ఆయన బోరు కోసమో ఆటో కోసమో ఖర్చయి ఉంటుంది. కిస్తీ మాత్రం ఆమె కడుతూ ఉంటుంది. సంఘం లీడరు ఫోన్ చేసి, "అక్కా, నీ కిస్తీ ఆగితే అందరి లోను ఆగుతది" అంటే కట్టక ఏం చేస్తుంది? ఊరు విడిచేటప్పుడే సంఘం పుస్తకంలో తన పొదుపు ఎంత, అప్పు ఎంత అని రాయించుకుని, లెక్క తేల్చుకోవాలి. ఆ లోను ఎవరి కోసం తీశారన్నది కోర్టు అఫిడవిట్‌లో రాయాలి. పుట్టింటి ఊళ్లో కొత్త సంఘంలో చేరేందుకు గ్రామ సంఘం సహాయకురాలు (వీవోఏ) సాయం చేయాలి. ఆమె చేరిన నాడు కొత్త సభ్యురాలే అయినా, పాత సంఘంలో కిస్తీలు తప్పకుండా కట్టిన చరిత్రను లెక్కలోకి తీసుకునే పద్ధతి మహిళా సంఘాలను చూసే సెర్ప్ అధికారులు పెట్టాలి.

రెండోది రేషన్ కార్డు. ఆమె పేరు, పిల్లల పేర్లు ఆయన కార్డులోనే ఉంటాయి. 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి కొత్త కార్డుల పంపిణీ మొదలుపెట్టారు. విడిపోయిన మహిళలు అక్కడ పేరు తీయించుకుని ఇక్కడ ఎక్కించుకునే పనిని వాయిదా వేయొద్దు. నెలకు మనిషికి ఆరు కిలోల బియ్యం అంటే, ముగ్గురున్న ఇంట్లో పీఎఫ్ ముట్టకుండా ఆపే ఆధారం.

మూడోది భూమి. పెళ్లిలో పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం, అరెకరం ఎవరి పాస్‌బుక్కులో ఉందో చూసుకోవాలి. పెట్టిన బంగారం, పుట్టింటివాళ్లు ఇచ్చిన సామాను స్త్రీధనం. దాని మీద సంపూర్ణ హక్కు ఆమెదేనని సుప్రీంకోర్టు 1985 నుంచీ చెబుతూనే ఉంది. 2024 ఆగస్టులో తెలంగాణకే చెందిన మరో కేసులో, కూతురు బతికి ఉండగా ఆమె అనుమతి లేకుండా తండ్రి కూడా స్త్రీధనాన్ని తిరిగి అడగలేడని తేల్చింది. భర్త, అత్తమామలు దాన్ని ఇవ్వకపోతే గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్‌ను అడగవచ్చు. తులం బంగారం లక్ష దాటిన కాలంలో ఆమె పెట్టెలో ఉండాల్సిన ఆ నాలుగు తులాలు, పీఎఫ్ ఖాతా కన్నా పెద్ద సొమ్ము.

పుట్టింటి ఆస్తి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పూర్వీకుల ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. అంతకుముందే పెళ్లయినవాళ్లకు అది దక్కలేదు. 2005 కేంద్ర సవరణ ఆ లోటు తీర్చింది. హక్కు వచ్చి ఇన్నేళ్లయినా, విడాకులై వచ్చిన అక్క అన్నదమ్ముల ఇంట్లో అతిథిగానే ఉంటోంది. "నీకు పెండ్లప్పుడు పెట్టినం గదా" అన్న ఒక్క మాట ఆమె నోరు మూయిస్తుంది.

> ■ నలభైలోపు, నలభై తర్వాత
>
> పీఎఫ్ లేని పనుల్లో ఉన్నవారికి రెండు పింఛను పథకాలున్నాయి.
>
> అటల్ పెన్షన్ యోజన: 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరాలి. అరవై దాటాక నెలకు వెయ్యి రూపాయల పింఛనుకు ముప్పయ్యో ఏట చేరితే నెలకు 116, నలభయ్యో ఏట చేరితే 291 రూపాయలు కట్టాలి.
>
> శ్రమయోగి మాన్‌ధన్: నెలకు పదిహేను వేల లోపు ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికులకు. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే జమ చేస్తుంది. అరవై దాటాక నెలకు 3,000 పింఛను. ఇందులోనూ నలభై ఏళ్లే హద్దు.
>
> నలభై రెండేళ్లకు విడాకులైన మహిళ ఈ రెండింట్లోనూ చేరడానికి వీల్లేదు.

నమ్మి కట్టిన రూపాయి

ఈ నేల మీద పేద ఆడవాళ్లు ముసలితనానికి దాచుకోలేదని ఎవరూ అనొద్దు. 2009లో వచ్చిన అభయహస్తం పథకంలో మహిళా సంఘాల సభ్యులు రోజుకు ఒక్క రూపాయి కట్టారు, ప్రభుత్వం ఇంకో రూపాయి వేసింది. అరవై దాటితే కనీసం ఐదు వందల పింఛను అన్నారు. కూలి డబ్బుల్లోంచి తీసి ఏళ్ల తరబడి కట్టారు. రాష్ట్రం విడిపోయాక ఆ పథకం ఆగింది. కట్టిన సొమ్ము తిరిగి ఇస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు వెనక్కి వస్తుంది సరే, పింఛను ఆశ వెనక్కి రాదు. అందుకే "సర్కారు స్కీములను నమ్మొద్దు" అనే మాట సంఘాల్లో ఇంకా వినిపిస్తుంది. అలా అనడంలో తప్పు వాళ్లది కాదు.

పోచంపల్లిలో 2017 జూన్ 24న 'నేతన్నకు చేయూత' మొదలైంది. చేనేత కార్మికుడు సంపాదనలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలుపుతుంది. మంచి పథకం. అయితే మగ్గం మీద కూర్చునే ఆయన పేరుననే ఖాతా ఉన్న ఇంట్లో, పక్కన ఆసు పోసి, కండెలు చుట్టిన ఆమెకు విడిపోయిన రోజు ఆ ఖాతాలో ఏమీ మిగలదు. అనుబంధ పనివాళ్ల పేర్లు విడిగా నమోదు చేయించుకోవడం ఆ ఇళ్లలో మొదటి పని కావాలి.

ఆసరా పింఛన్లు 2014 నవంబరులో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరులోనే మొదలయ్యాయి. 2017లో ఒంటరి మహిళలకు కూడా ఇచ్చారు. 2019లో నెలకు 2,016 చేశారు. భర్తకు దూరమై ఏడాది దాటిన మహిళ అర్హురాలే. ఆదాయ పరిమితి ఉంది కాబట్టి కంపెనీ జీతగత్తెకు రాకపోవచ్చు. కూలికి పోయే మనిషికి, ముంబై, పుణె వలస పనుల నుంచి పిల్లలతో తిరిగొచ్చిన పాలమూరు మహిళకు ఇదే ఆధారం. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ ఊళ్లలో యాభైకే మోకాళ్లు వంగిపోయిన వాళ్లున్నారు. వాళ్లకు అరవై దాకా ఆగమనే ఏ పథకమూ సరిపడదు.

మరి ఇల్లెట్లా గడవాలి?

నీతులు చెప్పడం తేలిక, ఒకటో తారీఖు కిరాయి కట్టడం కష్టం. కాబట్టి వరుస చెబుతాను. మొదట మధ్యంతర మనోవర్తికి దరఖాస్తు. వకీలుకు డబ్బుల్లేవని ఆగనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళ ఎవరైనా, ఆదాయం ఎంతైనా, ఉచిత వకీలుకు అర్హురాలు. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చాలు. దెబ్బలు, బెదిరింపులు ఉంటే 181, సఖి కేంద్రం. ఆ తర్వాత స్త్రీధనం. ఆ తర్వాత రేషన్, పింఛను, పిల్లలకు గురుకులంలో సీటు. వీటన్నిటి తర్వాత కూడా గండం గడవకపోతే, ఒంటి మీది బంగారంలో చిన్న వస్తువు అమ్మడం. పీఎఫ్ వీటికి ఆఖరున.

ఒక మినహాయింపు ఉంది. మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఇంట్లో ఉంటే, అంటే ఏడాదికి ముప్పయ్యారు శాతం, 8.25 శాతం వచ్చే పీఎఫ్‌లోంచి ఆ అసలుకు సరిపడా తీసి కట్టేయడమే సరైన పని. రోగం వచ్చినా అంతే. కానీ అవసరానికి సరిపడానే తీయాలి, ఖాతా మూయకూడదు, పింఛను ఫారం ముట్టకూడదు. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను కోత కూడా ఉంటుంది.

మగవాళ్ల కష్టం లేదని కాదు. మనోవర్తి కట్టి, తల్లిదండ్రులను చూసుకుని, యాభై దాటాక పీఎఫ్ మొత్తం ఒకేసారి సెటిల్‌మెంటుకు ధారపోసి, కిరాయి గదిలో మిగిలిన మనుషులున్నారు. వాళ్లకు చెప్పేది కూడా ఇదే. మొత్తం ఖాళీ చేసే ఒకేసారి ఒప్పందం కన్నా, జీతంలోంచి నెలనెలా కట్టే ఒప్పందం ఇద్దరి ముసలితనాన్నీ కాపాడుతుంది.

ఇక పెద్దమనుషులుగా కూర్చునేవాళ్లకు, జిల్లా కోర్టుల్లో కుటుంబ కేసులు చూసే వకీళ్లకు ఒక విన్నపం. ఈసారి పంచాయితీలో గానీ, రాజీ కాయితంలో గానీ "ఆమెకు పీఎఫ్ ఉంది కదా" అన్న మాట వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆమె పీఎఫ్ ఆమె చేసిన కష్టానికి వచ్చింది. మనోవర్తి అతను చేసుకున్న పెళ్లికి పడిన బాధ్యత. ఒకటి చూపించి రెండోదాన్ని తగ్గించే హక్కు మీకు లేదు.